పదకొండు చుట్లు

2091 మే నెల, రోహిణి కార్తె. ఉదయం ఏడు గంటలకు రాజలింగు కునికిపాట్లు పడుతూ గడ్డం గీసుకుంటున్నాడు. నిజానికి గీసేది అతను కాదు, అతని కుడిచేయి. కత్తి గొంతు మీద ఉన్నా కన్ను తెరవాల్సిన పనిలేదు. వంటింట్లో అతని భార్య చేతులు జొన్నరొట్టె తడుతున్నాయి. ఆమె మాత్రం గోడ మీది తెరలో నాటకం చూసి ఏడుస్తోంది. కింద హాల్లో పెళ్ళి జరుగుతోంది. పెళ్ళికొడుకు దోస్తులతో పరాచికాలాడుతుండగానే అతని వేళ్ళు మూడు ముళ్ళూ వేసేశాయి.

అది మంచిర్యాల పక్కన బొగ్గుగుట్ట. ఒకప్పుడు గనుల్లోంచి తవ్విపోసిన మట్టిదిబ్బ. గనులు మూతపడ్డాక దాన్నే చదును చేసి నలభై టవర్లు లేపారు. పన్నెండు వేల మంది. అందరి కుడి మణికట్టుకూ బూడిదరంగు పట్టీ. దాని పేరు హస్తసారథి. జనం నోట్లో అది సారథి.

మనిషి ఏదైనా చేయాలనుకుంటే ఆ సంకల్పం నాడుల్లో చిన్న విద్యుత్ తరంగమై కదులుతుంది. పట్టీలోని సెన్సర్లు దాన్ని పసిగట్టి, ఉపగ్రహం మీదుగా నైపుణ్య భాండాగారానికి పంపుతాయి. ఆ పనిని లోకంలో అందరికన్నా బాగా చేసినవాడి చేతి కదలిక అక్కడ దాచి ఉంటుంది. రెప్పపాటులో అది తిరిగొచ్చి ఈ మనిషి కండరాలను నడిపిస్తుంది. కుడిచేయి నడిస్తే ఎడమచేయి అలవాటు కొద్దీ దాని వెంట పోతుంది. అంతే. నేర్చుకోవడమన్న మాటే లేకుండా పోయింది, అంతకుముందు నేర్చినవీ చేతులు మరిచిపోయాయి. నేర్చుకోవడమంటే ముందు చెడగొట్టాలి, దెబ్బ తగిలించుకోవాలి, ఎవడిచేతనో తిట్లు తినాలి. తప్పించుకునే దారి చూపిస్తే వద్దనేవాడెవడు?

ప్రభుత్వం ఒక్క షరతు పెట్టింది. దాన్ని అహింసా తాళం అన్నారు. ఎదుటి మనిషిని కొట్టాలన్న కోరిక నాడుల్లో కదిలితే చాలు, వేళ్ళు సడలి చేయి వేలాడిపోవాలి. ఇరవై ఆరేళ్ళుగా దేశంలో చెంపదెబ్బ లేదు. జనం మంచివాళ్ళయ్యారని పేపర్లు రాశాయి. మూతికి చిక్కం కట్టిన ఎద్దు చేను మేయలేదని మెచ్చుకున్నట్టు.

పట్టీ లేని మణికట్టు బొగ్గుగుట్టలో ఒక్కటే ఉండేది. ఓదెలుది.

ఓదెలుకు డెబ్బై ఏళ్ళు. నీళ్ళ వాల్వులు తిప్పేవాడు. గుట్ట నెత్తిన పెద్ద ట్యాంకు. అక్కడినుంచి నీళ్ళు వాటంతటవే కిందికి జారి ఏడు వాల్వు గుంతల మీదుగా నలభై టవర్లకు పోవాలి. ప్రతి గుంత పక్కనా వీధి కుళాయిలున్నాయి. గొట్టాలు గనుల కాలంనాటివి. మూడుసార్లు మోటారు వాల్వులు బిగించారు, మూడుసార్లూ ఆ దూకుడుకు గొట్టం పగిలింది. ఓదెలు దగ్గర వాల్వులు తిప్పే నిలువెత్తు ఇనుప తాళం ఉండేది, పైన అడ్డపిడి. దాన్ని గుంతలోకి దించి, వాల్వు నెత్తికి తగిలించి, పదకొండు చుట్లు తిప్పేవాడు. ఆగేవాడు. పిడికి చెవి ఆనించి గొట్టం మూలుగు వినేవాడు. మూలుగు సన్నబడితే మిగతా ఆరు చుట్లు. ఒక టవరుకు అరగంట, తర్వాత ఇంకో టవరు. వరుస రాసిపెట్టింది లేదు, అతని తలలోనే ఉంది.

హస్తసారథిని కనిపెట్టిన డాక్టర్ మేదరి సుభద్ర కూడా ఆ గుట్ట మీదే, పన్నెండో టవరులో ఉంటోంది. ఆమె తాత వెదురు చీరి గంపలు అల్లేవాడు. ఒకసారి పేడు గుచ్చుకుని చీముపట్టి చూపుడువేలు తీసేశారు. అయినా మిగిలిన నాలుగు వేళ్ళతో అల్లాడు. ఆ మొండివేలు చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. ఏ చేయీ ఇక నొప్పిపడి నేర్చుకోకూడదు అనుకుంది. మంచి ఆలోచనే. చెడ్డ ఆలోచనతో ఎవడూ లోకాన్ని చెడగొట్టలేదు.

ఆ ఉదయం ఆమె మూడో గుంత దగ్గరికి వచ్చింది, వారానికోసారి వచ్చినట్టే.

"ఓదెలు కాకా, ఒక్క పూట పట్టీ పెట్టుకో. నీ చేతి కదలిక భాండాగారంల ఉంటది. నువ్వు పోయినా నీ చేతులు బతుకుతయి."

"నేను పోయినంక నా చేతులు బతికి ఎవని గోకుతయి బిడ్డా?" ఓదెలు తాళం తిప్పుతూనే ఉన్నాడు. "ఎనిమిది, తొమ్మిది... మాట కలపకు, లెక్క తప్పుత."

పదకొండు అయ్యాక పిడికి చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఆగింది. ఆరు చుట్లూ అయ్యాక అతనే మాట్లాడాడు.

"నాకో సంగతి జెప్పు. ఏది సరైన పనో నీ పట్టీకి ఎట్ల తెలుస్తది?"

"ఫలసూత్రమని పెట్టినం కాకా. మనిషి ఒకటి కావాలనుకుంటడు. చెయ్యి ఏదో చేస్తది. అనుకున్నది జరుగుతది. నడుమ చేసింది సరైన పనని సారథి దాచుకుంటది. ఎక్కువ మంది చేస్తే ఇంకా గట్టిగ దాచుకుంటది."

"నడుమ ఏం జేసిండో సూడదా?"

"చూడనవసరం లేదు. ఫలితం వచ్చిందా, లేదా."

ఓదెలు పకపకా నవ్వాడు. "మా నాయిన గూడ గంతే. కల్లు తాగి పండుకున్ననాడు వాన పడ్డది. ఇగ ప్రతి యేడు వానకోసమే తాగిండు." తాళం ఆమె వైపు చాచాడు. "రికార్డులెందుకు? పట్టు, నేర్పిస్త. నాలుగు దినాలు బొబ్బలు లేస్తయి, ఐదోనాడు చెయ్యి వింటది."

"నాకు టైమ్ ఏడున్నది కాకా."

"ఇరవై ఆరేండ్లసంది మీ అందరికి పని దప్పింది. టైమంత ఏడ వోయింది మరి?"

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే సౌర తుఫాను వచ్చింది.

సూర్యుడి మీద లేచిన అయస్కాంత పోటుకు ఉపగ్రహాలు మూగబోయాయి. కరెంటు పోయింది. పట్టీల్లో సొంత బ్యాటరీ ఉంది, లోపలి మెమరీ నడుస్తోంది. చేతులు చేసేదాన్ని రాసుకుంటోంది. నడిపించడం మాత్రం ఆగింది.

రాజలింగు అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి చెంపకు కొట్టుకున్నాడు. బొత్తాములు విప్పుకోలేక ముసలివాళ్ళు బట్టల్లోనే తడుపుకున్నారు. ఎవరో కూరగాయల కత్తి పట్టబోయి వేలు తెగ్గోసుకుని, కట్టు కట్టేవాళ్ళు లేక నెత్తురోడుతూ మెట్ల మీద కూర్చున్నారు. నలభై ఏడు డిగ్రీల ఎండ. ఫ్యాను లేదు. మొదటిరోజు దాటింది, ఇళ్ళలో దాచిన నీళ్ళు అయిపోయాయి.

ఓదెలు ఒక్కడే రోజూలాగే తాళం భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. పంపులు ఆగినా పొదుపుగా ఇస్తే నాలుగురోజులు అందరికీ సరిపోతాయి. కానీ వరుస తప్పకూడదు. దిగువ టవర్లు ముందు, ఎగువవి తర్వాత. ఎగువకు ముందు వదిలితే దిగువన గొట్టాల్లో గాలి నిలిచి రెండురోజులు చుక్క పడదు.

రెండోరోజు పొద్దున మూడో గుంత దగ్గర రాజలింగు అడ్డం నిలబడ్డాడు. తొమ్మిదో టవరు సంఘం అధ్యక్షుడు. వెనక ఇరవై మంది, బిందెలతో.

"ఓదెలూ, మా టవరుకు ముందిడువు."

"మీది రేపు పొద్దుగాల. వరుస వరుసే."

"ట్యాంకు అయిపోతుందట గద."

"ఎవడన్నడు? నిన్న నేనే ఎక్కి సూసిన. తొవ్వ ఇడువు లింగన్నా."

"నువ్వెంత, నీ బతుకెంత, నాకు వరుస జెప్తవా?"

రాజలింగు చేయి లేచింది. లేచి, అలవాటు కొద్దీ వేలాడిపోతుందని అతనే ఒక క్షణం ఎదురుచూశాడు. వేలాడలేదు. అహింసా తాళం కూడా తుఫానుతోనే పోయింది. చెంప మీద పడింది. టపాకాయ పేలినట్టు చప్పుడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, సొంతంగా లుంగీ కట్టుకోవడం మరిచిపోయిన మనిషి, ఆ దెబ్బ ఎంత నిండుగా కొట్టాడంటే ఓదెలు కింది పన్ను ఊడి గుంతలో పడింది.

రాజలింగు తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ఇది యాదికున్నదిరా!"

వెనకాల వాళ్ళు ముందుకొచ్చారు. ఎవరికి వాళ్ళు పరీక్షించుకున్నారు. ఒకడికి పిడికిలి బిగించడం వచ్చింది. ఒకడికి జుట్టు పట్టడం వచ్చింది. ఒకావిడకు గోళ్ళు వాడటం వచ్చింది. నిన్నటినుంచి చెంచా పట్టలేక ఏడ్చిన చేతులు, ఎవరూ నేర్పకుండానే, ఒక్క తప్పు లేకుండా ఆ పని చేశాయి. ఓదెలు మోకాళ్ళ మీద పడి, నోట్లో నెత్తురుతోనే తాళం దించి తొమ్మిదో టవరుకు నీళ్ళు వదిలాడు.

నీళ్ళు వచ్చాయి. పట్టీలు రాసుకున్నాయి.

పద్నాలుగో టవరువాళ్ళు అది చూశారు. కొడితే వస్తాయని తెలిసింది. ఇంకేం కావాలి? పొద్దుగూకేలోగా ఓదెలును ఒక గుంత దగ్గర్నుంచి ఇంకో గుంత దగ్గరికి కొట్టుకుంటూ తీసుకుపోయారు. ఒకచోట కొంగు పట్టుకుని దండం పెట్టి అడిగిన ముసలామెను వెనకవాళ్ళు లాగేశారు. "బతిమాలితే లేట్ అయితది అవ్వా, జరుగు."

సాయంత్రం సుభద్ర అతన్ని మూడో గుంత పక్కన వెతికి పట్టుకుంది. నెత్తి చీలింది. ఎడమకన్ను మూసుకుపోయింది. ఆమె తన చున్నీ చింపింది. చుట్టబోయింది. ముడి పడలేదు. కొసలు ఒకదాని మీద ఒకటి వేసి అలాగే పట్టుకుని కూర్చుంది. ప్రపంచంలో కోటి శస్త్రచికిత్సలు చేయించిన యంత్రాన్ని కనిపెట్టిన మనిషి.

"ఏడ్వకు," అన్నాడు ఓదెలు. "ఆ కొసను దీని కిందికెల్లి తియ్యి. ఆఁ. ఇంకొకటి పైకెల్లి. గుంజు. గుంజు బిడ్డా, నొయ్యదు నాకు. నొచ్చేటిది అయిపోయింది."

ముడి పడింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె తనంతట తాను వేసిన మొదటి ముడి.

"కాకా, రేపు నువ్వు రావద్దు. నాకు నేర్పు, నేను తిప్పుత."

"నేర్సుకోమని సోలార్ తుఫాను వచ్చి జెప్పాల్సొచ్చిందా నీకు?" అతను నవ్వబోయి మూలిగాడు. అయినా తాళం ఆమె చేతికిచ్చాడు. చీకటి పడేదాకా ఏడు గుంతలూ తిప్పి చూపించాడు. ఆమె అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. పదకొండు చుట్లు, ఆగు, విను. "ఇనే జాగల తొందరపడకు. గొట్టంల గాలి ముందస్తది, నీళ్ళు ఎనకొస్తయి. ఆగకుంటే గాలికి నీళ్ళకు గుద్దుకొని గొట్టం పగుల్తది. గుట్ట మీద అందరు ఎండి సస్తరు."

"రేపు నువ్వు ఇంట్లనే ఉండు. ఒట్టు వెయ్యి."

ఓదెలు ఒట్టు వేయలేదు. మూడోరోజు తెల్లారి ఆమె లేచేసరికి తాళంతో ఏడో గుంత దగ్గరున్నాడు. ఆరు టవర్లవాళ్ళు ఒకేసారి చుట్టుముట్టారు, మూడు వందల మంది. అతను ఎప్పటిలాగే గుంత మీదికి వంగాడు. తాళం దించాడు. పదకొండు చుట్లు తిప్పాడు. ఆగి పిడికి చెవి ఆనించాడు.

సుభద్ర పరుగెత్తుకొచ్చింది కానీ గుంపు వెనకే ఉండిపోయింది.

"ఏమాయె? ఎందుకు ఆగిండు?"

"కావాలెనని ఆగిండు. మనతోని ఆటలాడుతుండు."

"పండుకున్నడు సూడురా, పిడి మీద!"

చేయి వేస్తే పని అయిపోవడం తప్ప ఆగడం ఎరగని జనం. పనిలో ఆగడం కూడా పనేనని వాళ్ళకు తెలిసే దారి లేదు.

"ఇంటుండు! గొట్టం మూలుగు ఇంటుండు! ఆగుండ్రి!" అని ఆమె అరిచింది. ఎవరో మోచేత్తో ఆమె మొహం మీద పొడిచి వెనక్కి నెట్టారు.

మొదటి ఇటుక వీపు మీద పడింది. ఓదెలు పిడి వదల్లేదు, చెవి తీయలేదు. రెండో ఇటుక చెవి మీదే పడింది. తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో లెక్కలేదు. గుంతలో పడ్డవాణ్ణి పైకి లాగి మరీ కొట్టారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు ఎండుకట్టెలు విరిచినట్టు వచ్చింది. రాజలింగు కాలితో తొక్కాడు. పెళ్ళిలో మూడు ముళ్ళు వేసిన కుర్రాడు రెండు చేతులా గొంతు పట్టుకున్నాడు. ఆ పట్టులో బొటనవేళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి.

నీళ్ళు అప్పటికే దారిలో ఉన్నాయి. అరనిమిషం ఆగి ఉంటే సరిపోయేది. గాలి బుస్సుమని పోయి, కుళాయిల్లో ధార పడింది. జనం కేక వేశారు. శవాన్ని దాటుకుంటూ బిందెల దగ్గరికి పరుగెత్తారు.

పట్టీలు అదీ రాసుకున్నాయి. సంకల్పం: నీళ్ళు. చేష్ట: ఇది. ఫలితం: నీళ్ళు.

నాలుగోరోజు పొద్దున ఉపగ్రహాలు మేలుకున్నాయి, కరెంటు వచ్చింది. మూడురోజుల జ్ఞాపకాలన్నీ పట్టీల్లోంచి భాండాగారానికి ఎగిరిపోయాయి. కాసేపటికి చేతులు మళ్ళీ చేతులయ్యాయి. రాజలింగు గడ్డం నున్నగా గీయించుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, పోలీసులొస్తే ఓదెలు కాలుజారి గుంతలో పడ్డాడని చెప్పాడు. మూడు వందల మందీ అదే చెప్పారు. దహనానికి అందరూ వచ్చారు. చితి చక్కగా పేర్చారు, సారథి దయవల్ల.

సుభద్ర తన పట్టీ విప్పి ఆ చితిలో వేసింది.

మర్నాడు నీళ్ళు వదలాలి. ఆ పని తెలిసింది ఆమె ఒక్కతెకే. బొబ్బలకు గుడ్డలు చుట్టుకుని, తనే ముడి వేసుకుని, తాళం భుజాన పెట్టుకుని తొమ్మిదో టవరుకు నీళ్ళిచ్చే మూడో గుంత దగ్గరికి వెళ్ళింది. ఎవరితోనూ మాట్లాడకూడదనుకుంది. నలభై మంది దాకా బుద్ధిగా నిలబడి ఉన్నారు. ఎడమచేతుల్లో బిందెలు. మొహాల్లో సిగ్గు ఉంది, అది అబద్ధం కాదు.

"నమస్తే మేడం," అన్నాడు రాజలింగు. "మీ అసొంటోళ్ళకు ఈ కష్టమేంది? గిట్ల కావద్దుండె. ఓదెలు మంచోడు."

ఆమె గుంత మీదికి వంగింది. తాళం దించింది. చేతులు మండుతుంటే ఒక్కో చుట్టూ లెక్కపెట్టింది. తొమ్మిది. పది. పదకొండు. ఆగింది. పిడికి చెవి ఆనించింది. గొట్టం లోపల ఎక్కడో దూరాన గాలి మూలిగింది. ఓదెలు చెప్పినట్టే. ఆమెకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి.

వెనక నలభై మంది మనసుల్లో ఒకటే ఉంది. నీళ్ళు. కోపం లేదు, పగ లేదు. కొట్టాలన్న కోరిక ఎవరిలోనూ లేదు. అందుకే అహింసా తాళం కదల్లేదు. సారథి నీళ్ళన్న కోరికను అందుకుంది, భాండాగారంలో వెతికింది. వాల్వు దగ్గర, నీళ్ళ కోసం, ఎక్కువ చేతులు చేసి ఫలితం సాధించిన పని దొరికింది. రెప్పపాటులో తెచ్చి ఇచ్చింది.

నలభై కుడిచేతులు లేచాయి.

మొదటి దెబ్బ ఆమె చెవి మీదే పడింది. కింద పడి తల తిప్పి చూసింది. కొడుతున్న మొహాల్లో క్రౌర్యం లేదు, భయం ఉంది.

"మేడం, నేను కాదు! నా చెయ్యి! అయ్యో, నా చెయ్యి!"

"మాఫ్ చెయ్యుండ్రి మేడం!" అంటూనే ఒకావిడ గోళ్ళు ఆమె చెంపను చీరాయి.

రాజలింగు పిడికిలి లేస్తోంది, పడుతోంది, లేస్తోంది. ఇరవై ఆరేళ్ళ కింద తను గీసిన ఫలసూత్రం ఆమె కళ్ళముందు నిలబడింది. నడుమ ఏం జేసిండో సూడదా? పక్కటెముక ఒకటి విరిగింది. నోట్లో నెత్తురు నిండింది. ఉమ్మేసి, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

"పట్టీ! పట్టీ విప్పుండ్రి! ఎడమచేతి బొటనవేలుతోని నొక్కితే ఊడుతది! పసిపిల్లగానికన్న వస్తది! విప్పు రాజలింగూ!"

నిజమే. పట్టీ కిందివైపు చిన్న మీట ఉంది. దాన్ని నొక్కడానికి ఏ నైపుణ్యమూ అక్కర్లేదు. అది వాళ్ళందరికీ తెలుసు. రాజలింగు కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అతను తన ఎడమచేతి వైపు చూశాడు. ఆ చేతిలో బిందె ఉంది. అప్పుడే పక్కనున్న కుళాయిలో గాలి బుస్సుమంది, ధార మొదలైంది. ఆ చేయి బిందెను ధార కిందికి జరిపింది.

"విప్పుత మేడం, ఒట్టు, విప్పుత," అన్నాడు వెక్కుతూ. కుడి పిడికిలి మళ్ళీ లేచింది. "ఈ ఒక్క బిందె నిండనియ్యుండ్రి."